మాస్టరు రామచంద్రుని బీజగణితము

కళాశాలలో క్రొత్తగా చేరిన విద్యార్థికి గణితపు తరగతిలో ఎదురగు కష్టము అంకెలతో కాదు, అక్షరములతో. పాఠశాలలో పరిచయమైన బీజగణితమే ఇక్కడ మఱియొక వేషమున ప్రత్యక్షమగును. అక్కడ సమీకరణము నిచ్చి, తెలియని రాశిని కనుగొనుమందురు; కనుగొన్నచో లెక్క ముగిసినట్లే. ఇక్కడ అట్లు కాదు. ఈ సమీకరణమునకు మూలములు అసలు కలవా? కలిగినచో అవి వాస్తవములా? రెండును సమానములా? అని ప్రశ్నింతురు. సమీకరణమును సాధించుట కాదు, దానిని విచారించుటయే ఇక్కడి పని. ఈ భేదము మనసునకు పట్టినవాడు ఒడ్డు చేరును. పట్టనివాడు సూత్రములను వల్లె వేసి, పరీక్ష ముగిసిన మఱునాడే మఱచిపోవును. అట్లు మఱచినవారు ఈ వ్యాసము చదువు కుటుంబములలో తప్పక ఉందురు. వారికిది తెలియని సంగతి కాదు.

నూట డెబ్బది సంవత్సరములకు పూర్వము ఢిల్లీలో ఒక ఉపాధ్యాయుడు ఈ చిక్కునే ఎదుర్కొనెను. ఆయన పేరు రామచంద్ర. మాస్టరు రామచంద్ర యని లోకము పిలిచెను. విద్యార్థి పరదేశపు గణితమును కంఠస్థము చేయుట కన్న, తన దేశమున ఎప్పటినుండియో ఉన్న బీజగణితముపైననే క్రొత్త గణితమును కట్టుకొనవచ్చునా యన్నది ఆయన వేసికొన్న ప్రశ్న. దానికి సమాధానముగా ఆయన ఒక గ్రంథమును వ్రాసెను. ఆ గ్రంథము కథ చెప్పదగినది.

రామచంద్ర 1821లో పానిపట్టున జన్మించెను. తండ్రి సుందరలాలు రెవిన్యూ శాఖలో ఉద్యోగి. బాలునకు పదియేండ్లు నిండునప్పటికే తండ్రి గతించెను. ఆరుగురు కుమారులను పెంచు భారము తల్లిపై పడెను. పండ్రెండేండ్లయిన నిండకమునుపే ఆ పిల్లవానికి ఒక సంపన్నుల యింటి పిల్లను పెండ్లి చేసిరి. ఆమె మూగ, చెవిటి యని తరువాత తెలిసెను. 1833లో ఢిల్లీలోని ఇంగ్లీషు పాఠశాలలో చేరెను. గణితము నేర్పువారు అక్కడ అంతగా లేరు. దొరికిన పుస్తకములను ముందిడుకొని ఆయన తనంతట తానే నేర్చుకొనెను. 1844లో ఢిల్లీ కళాశాలలో ప్రాచ్య విభాగమున విజ్ఞానశాస్త్రములను బోధించు ఉపాధ్యాయుడుగా నియుక్తుడయ్యెను.

ఢిల్లీ కళాశాల ఆ కాలమున ఒక వింత సంస్థ. పూర్వము గాజీయుద్దీను మదరసాగా నున్నదానిని 1825లో కళాశాలగా మార్చిరి. ఇంగ్లీషు విభాగము వేరు. అరబ్బీ, పారసీ, సంస్కృతములను నేర్పు ప్రాచ్య విభాగము వేరు. ఈ రెండవ విభాగములో పాశ్చాత్య గణితమును, ప్రకృతి శాస్త్రమును ఉర్దూ భాషలో చెప్పుచుండిరి. కలకత్తాలోను, చెన్నపట్టణములోను ఇంగ్లీషు రానివానికి పై చదువు లేదని తేలిపోయిన దినములవి. అట్టి సమయమున ఢిల్లీలో ఒక అనువాద సంఘమును స్థాపించి, పుస్తకము వెనుక పుస్తకమును ఉర్దూలోనికి తెచ్చుచుండిరి. బీజగణితము, త్రికోణమితి మొదలగు విషయములపై ఉర్దూ గ్రంథములను కూర్చినవారిలో రామచంద్ర ముఖ్యుడు. ఇవి చాలక పత్రికలను కూడ నడిపెను. ఉర్దూలో అసంఖ్యాకములైన గణిత గ్రంథములను వ్రాసిన జకావుల్లా ఆయన శిష్యుడే. ప్రసిద్ధ నవలాకారుడు నజీరు అహమ్మదును ఆ కళాశాల విద్యార్థియే.

ఇక తరగతిలోని చిక్కు. గణితములో ఒక స్థాయి దాటిన పిమ్మట కలన గణితము వచ్చును. ఒక రాశి మాఱుచుండగా మఱియొక రాశి ఎప్పుడు మిక్కిలి పెద్దదగును, ఎప్పుడు మిక్కిలి చిన్నదగును అను ప్రశ్నలకు దానితో సమాధానము వచ్చును. వీనినే గరిష్ఠ కనిష్ఠ సమస్యలందురు. కాని కలన గణితమునకు కావలసిన అవధి, అత్యల్పరాశి మొదలగు భావనలు మదరసా చదువుతో వచ్చిన విద్యార్థికి పూర్తిగా క్రొత్తవి. బీజగణితము క్రొత్తది కాదు. దాని పేరును, దాని పద్ధతియు ఆ దేశమునకు పరిచితములే. కావున ఈ సమస్యలను కలన గణితము లేకయే, వర్గ సమీకరణమొకటితోనే సాధింపవచ్చునా యని రామచంద్ర యోచించెను.

ఇక్కడ ఒక్క క్షణము కాగితమును, పెన్సిలును చేత పట్టుకొనుడని కోరుచున్నాను. రేడియోలో సమీకరణములు చెప్పుట గ్రుడ్డివానికి రంగులు వర్ణించుట వంటిదే యగును గాని, ఇది అచ్చుపుటయే కదా.

మీవద్ద 40 గజముల త్రాడు కలదు. దానితో పెరటిలో దీర్ఘ చతురస్రాకారమున ఒక మడి చుట్టవలెను. పొడవును వెడల్పును కలిపిన 20 గజములు. పొడవు తెలియని రాశి. వెడల్పు 20లో నుండి దానిని తీసివేసినది. ఈ రెంటి లబ్ధమే మడి వైశాల్యము. మడి 96 చదరపు గజములు కావలెనన్నచో ఏమగును? తెలియని రాశి వర్గములో నుండి దానికి 20 రెట్లు తీసివేసి, 96 కలిపిన సున్న రావలెను. ఇది వర్గ సమీకరణము. దీనిని సాధింప శ్రీధరాచార్యుడు చెప్పిన ఉపాయము కలదు. ఆయన బీజగణిత గ్రంథము నష్టమైనది. ఈ సూత్రమును భాస్కరాచార్యుడు తన గ్రంథమున ఉదాహరించుటచే మనకు దక్కినది. వర్గపు గుణకమునకు నాలుగు రెట్లతో ఇరువైపుల గుణించి, తెలియని రాశి గుణకముయొక్క వర్గమును ఇరువైపుల కలుపుమని దాని తాత్పర్యము. అట్లు చేసిన, ఎడమ ప్రక్క పొడవునకు రెట్టింపులో 20 తీసివేసినదాని వర్గము నిలుచును. కుడి ప్రక్క 400లో 384 పోగా 16 నిలుచును. 16నకు వర్గమూలము 4. కావున పొడవు 12 గజములు, వెడల్పు 8, లేదా తాఱుమాఱు.

మడి 100 చదరపు గజములు కావలెనన్న? కుడి ప్రక్క 400లో 400 పోయి సున్న నిలుచును. పొడవును వెడల్పును సరిగా పదేసి గజములు. రెండు సమాధానములును కలిసి ఒకటైపోయినవి. ఇక ఆశపడి 101 కావలెనన్న? కుడి ప్రక్క 400లో 404 తీసివేయవలెను. ఋణరాశి నాలుగు నిలుచును. ఎడమ ప్రక్క ఉన్నది వర్గము. ఏ వాస్తవ సంఖ్యను దానితోనే గుణించినను ఋణము రాదు. సమీకరణము అసాధ్యమైనది. అనగా 40 గజముల త్రాడుతో 100 చదరపు గజములకు మించిన దీర్ఘ చతురస్రము లేదు. గరిష్ఠము దొరకినది. కలన గణితము అక్కఱ పడలేదు. సమీకరణము ఎక్కడ విఱిగిపోవుచున్నదో చూచిన చాలినది.

విఱుగు చోటును వెదకుటయే రామచంద్ర యుక్తి. సాధారణముగా విద్యార్థి సమాధానము రాని లెక్కను చూచి భయపడును. ఈయన ఆ రాకపోవుటనే పనిముట్టుగా చేసికొనెను. వర్గ సమీకరణము వద్ద ఆగక, మూడవ ఘాతపు సమీకరణములకును ఇట్టి ఆలోచననే సాగింపజూచెను. సమస్య వెనుక సమస్య పేర్చి, 1850లో కలకత్తాలో తన స్వంత ఖర్చుపై ఇంగ్లీషులో గ్రంథమును అచ్చు వేయించెను. బీజగణితముచే సాధింపబడిన గరిష్ఠ కనిష్ఠ సమస్యలని దాని పేరునకు అర్థము.

కలకత్తా విమర్శకులు దానిని మెచ్చలేదు. కలన గణితముతో రెండు పంక్తులలో తేలిపోవు లెక్కకు ఇంత శ్రమ యెందుకనునది వారి భావము. రామచంద్ర ప్రత్యుత్తరములు వ్రాసికొనెను. పుస్తకములు అట్లే పడియుండెను. చేతి డబ్బు పోయెను. గవర్నరు జనరలు సభలో న్యాయ సభ్యుడుగా నున్న బెథూను దొర మాత్రము దానిని శ్రద్ధతో చూచెను. కలకత్తాలో బాలికల విద్యాలయమును 1849లో స్థాపించిన బెథూనే ఈయన. కేంబ్రిడ్జిలో గణితము చదివినవాడు. ఆయన కొన్ని ప్రతులను లండనునకు, ఆగస్టసు డి మోర్గానునకు పంపెను.

డి మోర్గాను పేరు తర్కశాస్త్రము చదివినవారికి సుపరిచితము. లండను విశ్వవిద్యాలయ కళాశాలలో గణితమునకు ప్రథమాచార్యుడు. ఆయన జన్మించినది ఏ ఇంగ్లీషు పట్టణమునందో కాదు. మన దక్షిణ దేశమున, మధురలో, 1806లో. తండ్రి కంపెనీ సైన్యములో అధికారి. ఏడు నెలల పసివాడుగా నుండగా కుటుంబము ఇంగ్లండునకు మరలిపోయెను. పసితనముననే ఒక కంటి చూపు పోయెను. ఆయన 1835లో బీజగణితమునకు ఒక పాఠ్యగ్రంథమును వ్రాసియుండెను. ఋణరాశి వర్గమూలమునకు అర్థము కల్పించు విషయమై 1849లో వేఱొక గ్రంథమును వ్రాసెను. రామచంద్ర ఎక్కడ సమీకరణము విఱిగినదనెనో, అక్కడికి ఆవల ఏమున్నదో చెప్పినవారిలో డి మోర్గాను ఒకడు. అట్టివాని చేతికే ఈ ఢిల్లీ పుస్తకము చేరుట విశేషము.

డి మోర్గాను పుస్తకమును చదివి ఊరకుండలేదు. కంపెనీ డైరెక్టర్లకు వ్రాసెను. వారు సమ్మతించి, రామచంద్రకు ఖిల్లతును, 2,000 రూపాయలను బహూకరింపజేసిరి. పుస్తకమును డి మోర్గాను పర్యవేక్షణమున లండనులో మరల ముద్రింప నిర్ణయించిరి. దానికాయన దీర్ఘమైన పీఠికను వ్రాసెను. గ్రీకులకు జ్యామితి ఎట్టిదో, భారతీయులకు బీజగణితము అట్టిదనియు, విదేశ విద్యను మూటకట్టి నెత్తిన పెట్టుటకు బదులు ఆ దేశపు పూర్వ బుద్ధిసంపదను మేల్కొలుపవలెననియు, రామచంద్ర గ్రంథము ఆ దారినే పోవుచున్నదనియు అందు వాదించెను.

ఈ వాదమునకు ఆధారము లేకపోలేదు. బ్రహ్మగుప్తుడు 628లో ధన ఋణ శూన్యములకు నియమములు చెప్పెను. తెలియని రాశికి యావత్తావత్తు అనియు, ఇంకను తెలియని రాశులు ఉన్నచో కాలకము, నీలకము, పీతకము, లోహితకము అని రంగుల పేర్లును మన పూర్వులు పెట్టిరి. వాని మొదటి అక్షరములే యా, కా, నీ అనునవి లెక్కలో సంకేతములు. ఇంగ్లీషు అక్షరములను చూచి బెదరు విద్యార్థికి, ఆ పని మన గ్రంథములలో ఎప్పుడో జరిగినదని ఎవరును చెప్పరు. తొమ్మిదవ శతాబ్దిలో బాగ్దాదున అల్ ఖ్వారిజ్మీ రచించిన గ్రంథపు పేరులోని అల్ జబ్రు అను మాటనుండియే ఐరోపా వారి పదము పుట్టినది. తొమ్మిదవ శతాబ్దిలోనే, రాష్ట్రకూటుల ఏలుబడిలో నుండిన మహావీరాచార్యుడు ఋణరాశి స్వభావముచేతనే వర్గము కాదనియు, కావున దానికి వర్గమూలము లేదనియు స్పష్టముగా వ్రాసెను. మన మడి లెక్కలో 101 దగ్గఱ ఎదురైనది సరిగా ఇదియే. ఆ మహావీరుని గణితసారసంగ్రహమునే పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. తెలుగులో శాస్త్ర గ్రంథములకు ఆది యని చెప్పదగినది గణితమే యగుట మనకు గర్వింపదగిన సంగతి.

అయినను డి మోర్గాను వాదమును పూర్తిగా ఒప్పుకొనలేము. ఒక జాతికి ఒక శాస్త్రము పుట్టుకతో అబ్బునను మాట నిలుచునది కాదు. పైగా ఢిల్లీ తరగతిలో కూర్చున్నవారు భాస్కరుని చదివి వచ్చినవారు కారు. అరబ్బీ పారసీ మార్గమున యూక్లిడును, లెక్కలను నేర్చినవారే అధికులు. కలకత్తా విమర్శకులదియు కేవలము ఈర్ష్య కాదు. మూడవ ఘాతము దాటినకొలదియు రామచంద్ర పద్ధతి బరువెక్కును. కలన గణితమో, ఎంతటి సమీకరణమునైనను ఒకే తీరున లొంగదీయును. నడకకు కాలిబాట చాలును. దూరప్రయాణమునకు బాట వేఱు. కాని మొదటి అడుగులు వేయుచున్నవానికి కాలిబాటయే నయమని రామచంద్ర భావము. అందు ఆయన పొరబడెనని నాకు తోచదు.

పుస్తకము లండనులో అచ్చునకు సిద్ధమగులోపల ఢిల్లీ తలక్రిందులయ్యెను. రామచంద్ర 1852లో క్రైస్తవ మతము స్వీకరించియుండెను. 1857 మే 11న సిపాయిలు నగరములో ప్రవేశించిరి. ఆయనతోపాటు మతము మాఱిన వైద్యుడు చమనులాలు ఆనాడే హతుడయ్యెను. కళాశాలపై దాడి జరిగెను. పుస్తకాలయము లూటీ యయ్యెను. ప్రధానోపాధ్యాయుడు టైలరు చంపబడెను. రామచంద్ర తప్పించుకొని, నగరము విడిచి, ప్రాణములతో బయటపడెను. మఱుసటి సంవత్సరము రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో కొంతకాలము పనిచేసి, పిమ్మట ఢిల్లీలో పాఠశాలాధ్యక్షుడయ్యెను. బహుమానము నిచ్చిన కంపెనీ ప్రభుత్వము 1858లో అంతరించెను. 1859లో లండనులో పుస్తకము వెలువడెను. అప్పటికి దానిని పాఠముగా చెప్పుటకు ఆ పాత ఢిల్లీ కళాశాల లేదు. తరువాత రామచంద్ర పటియాలా సంస్థానమున విద్యాశాఖను నడిపెను. 1880లో మరణించెను.

అదే 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు ఏర్పడినవి. ఇంగ్లీషే బోధనభాష యయ్యెను. బీజగణితము ఇంగ్లండు పుస్తకములతో మన కళాశాలలకు వచ్చెను. హాలు, నైటు అను ఇద్దరు కలిసి రచించి 1887లో ప్రకటించిన ఉన్నత బీజగణితము ఇక్కడి విద్యార్థుల కెంతకాలము చేతిపుస్తకముగా నిలిచెనో పెద్దలకు చెప్పనక్కఱలేదు. నేటికిని ప్రవేశపరీక్షలకు చదువువారి బల్లలపై అది కానవచ్చును. ఆ చదువులో పరీక్ష గణితములో మాత్రమే కాదు. శ్రీనివాస రామానుజన్ ఎఫ్.ఏ.లో తప్పినది గణితమున కాదు, తక్కిన విషయములలో. కుంభకోణములో ఉపకారవేతనము పోగొట్టుకొని, 1905లో ఇల్లు విడిచి ఆయన చేరినది మన విశాఖపట్టణమే.

ఢిల్లీలో అణగిపోయిన ప్రయత్నము హైదరాబాదులో మరల తలయెత్తెను. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయములో గణితము కూడ ఉర్దూలోనే బోధింపబడెను. దానికై ప్రత్యేకముగా అనువాదశాలను నెలకొల్పిరి. దేశభాషలో ఉన్నత విద్య సాధ్యమే యని అది నిరూపించెను. అయితే తెలంగాణములో తెలుగు మాతృభాషగా గలవానికి ఉర్దూయు నేర్చుకొనిన భాషయే. ఇంటిలో ఒక భాష, తరగతిలో ఒక భాష అను పరిస్థితి వానికి మాఱలేదు. తెలుగులో కళాశాల బీజగణితము వచ్చుటకు 1968లో తెలుగు అకాడమి ఏర్పడువఱకు ఆగవలసివచ్చెను. ఆ మఱుసటి సంవత్సరము ఇంటర్మీడియేటులో తెలుగు మాధ్యమము ప్రవేశించెను. సంకీర్ణ సంఖ్య, ద్విపద సిద్ధాంతము, పాక్షిక భిన్నములు అను పేళ్లు నలుగు చోటునకు వచ్చెను. వీనిలో కొన్ని నోట కష్టముగనే తిరుగును. కాని విచక్షణి యను మాటను చూడుడు. వర్గ సమీకరణపు మూలములు వాస్తవములో కావో తేల్చు రాశికి పెట్టిన పేరది. ఇంతకన్న సొంపైన పేరు ఇంగ్లీషులోను లేదు.

ఆ తెలుగు పాఠ్యగ్రంథమున వర్గ సమాసములను ప్రకరణములో, ఒక భిన్న సమాసమునిచ్చి దాని విలువలు ఏ హద్దుల మధ్య ఉండునో కనుగొనుమను అభ్యాసములు కలవు. హాలు నైటుల పుస్తకములోను ఇట్టివి కలవు. సమాసమును ఒక అక్షరమునకు సమానము చేసి, వచ్చిన వర్గ సమీకరణమునకు విచక్షణి ఋణము కారాదని నియమము పెట్టి, ఆ అక్షరమునకు హద్దులు కనుగొందురు. ఆ యుక్తి ఐరోపాలోనూ తెలిసినదే. దానిపై రామచంద్ర కొక్కనికే హక్కు లేదు. కాని ఈ దేశమున తరగతిగదికై దానితో ఒక గ్రంథమంతయు కట్టినవాడు ఆయన. ఈ సంవత్సరము కళాశాలలో చేరిన మీ పిల్లవాడు ఆ ప్రకరణమునకు వచ్చిన దినమున, 40 గజముల త్రాడు లెక్కను వానికి ఇచ్చి చూడుడు. 101 చదరపు గజముల మడి ఎందుకు రాదో వానినే చెప్పనిండు.